డ్రమ్ములో పండిన సార్వా

2025 సంక్రాంతికి మా పెద్దదాన్ని బడికి రైతు వేషంలో పంపమన్నారు. ఆకుపచ్చ తలపాగా చుట్టి, అట్టముక్కతో కొడవలి చేసిచ్చి పంపాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ అట్టకొడవలి ఊపుకుంటూ అడిగింది: "అమ్మా, వరి కోసేశాక మళ్లీ ఎన్నాళ్లకి కాస్తుంది?"

దాని లెక్కలో వరి కూడా మామిడిచెట్టు లాంటిదే. కాయలు కోసుకుంటాం, చెట్టు ఉంటుంది, మళ్లీ ఏడు మళ్లీ కాస్తుంది. కాదమ్మా, మొదలంటా కోసేస్తారన్నాను. "మొక్కనే కోసేస్తారా? మరి అదేం చేసింది?" అంది. పక్కనే ఉన్న చిన్నాడు, వాడికప్పటికి నాలుగేళ్లు, నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

నేను పుట్టింది పాలకొల్లు దగ్గర పల్లెటూళ్లో. గడప దిగితే వరిచేలే. అయినా ఆ పూట పిల్లలకి సరిగ్గా ఏమీ చెప్పలేకపోయాను. కారణం మా నాన్న. నన్ను గట్టు దిగనిచ్చేవాడు కాదు. "నీకెందుకమ్మా ఈ బురద, లోపలికెళ్లి చదువుకో" అనేవాడు. కోతల్లో నా వాటా ఒక్కటే, పరిగె. పనలు ఎత్తేశాక చేలో రాలిపోయిన వెన్నులు గౌనులో ఏరుకొచ్చేవాళ్లం. ఐసుబండి అతను డబ్బా మీద టకటకలాడిస్తూ వచ్చేవాడు. దోసెడు ధాన్యానికి ఒక పుల్లైసు. వ్యవసాయం గురించి నాకు గట్టిగా తెలిసిన లెక్క అదొక్కటే.

జూన్‌లో నాన్నకి ఫోన్ చేసి, మేడ మీద వరి వేద్దామనుకుంటున్నాను, విత్తనాలు పంపమన్నాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత గొంతు మారింది. "7029 వద్దమ్మా. అది నూట యాభై రోజులు ఉంటది, పిల్లలు విసిగిపోతారు. 1010 పంపుతాను, నాలుగు నెలల్లో చేతికొచ్చేస్తది." 7029 అంటే స్వర్ణ, 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన వంగడం. మారుటేరు మా ఊరికి అట్టే దూరం కాదు కాబట్టి, దాన్ని తనే కనిపెట్టినట్టు మాట్లాడతాడు నాన్న. మావైపు సార్వా, అంటే వానాకాలం పంట, అంతా ఎక్కువగా అదే. 1010 దాళ్వాకి, అంటే ఆ తర్వాత వేసే రెండో పంటకి వేస్తారు. ఆ లెక్కన హైదరాబాదులో మా మేడ మీద వానాకాలం దాళ్వా విత్తనంతో సార్వా పండించామన్నమాట.

పాత నీళ్ల డ్రమ్మొకటి నిలువునా రెండు చెక్కలుగా కోయించాం. నర్సరీవాళ్లు అలవాటుగా అడుగున చిల్లులు పెట్టబోతే ఆపాను. పూలమొక్కకి నీళ్లు పోవాలి, వరికి నిలవాలి. రెండు చెక్కలూ కలిపితే గజం కంటే కాస్త ఎక్కువ జాగా.

మృగశిర కార్తె వచ్చిన వారానికి, జూన్ 15 ఆదివారం నాటికి, విత్తనాలు సిద్ధం. అంతకు ముందు చేసిన మండె కట్టడమే పిల్లలకి మొదటి వింత. ఒక రోజంతా నానబెట్టిన గింజల్ని తడిగుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి వంటింటి మూల ఉంచాం. మర్నాడు పొద్దున్న చిన్నాడు మూట మీద చెయ్యి వేసి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, దీనికి జ్వరమొచ్చింది!" నిజమే, మూట వెచ్చగా ఉంది. విప్పితే ప్రతి గింజ మొనకీ తెల్లగా మొలక. గింజ ఊపిరి పీలుస్తుందనీ, ఊపిరి పీల్చేదేదైనా వెచ్చగా ఉంటుందనీ నేను చెప్పేలోపే పెద్దది తన ముక్కు దగ్గర వేలు పెట్టుకుని చూసుకుంటోంది.

నారు ఒక టబ్బులో పోశాం. జూలై 13న నాట్లు. నాన్న వీడియోకాల్‌లో, నేను బురదలో. ముప్పై ఏళ్లుగా నన్ను గట్టు దిగనివ్వని మనిషి ఇప్పుడు ఫోన్లోంచి అరుస్తున్నాడు: "అంత లోతుకి గుచ్చకమ్మా, పైపైన పెట్టు. బొటనవేలితో, బొటనవేలితో!" చిన్నాడు రెండు మొక్కలు తలకిందులుగా నాటాడు, వేళ్లు పైకి ఆకులు కిందికి. వాటినలాగే ఉంచాలని పేచీ. ఉంచాం. మూడో రోజుకి వాడే వచ్చి తీసేశాడు. మొత్తం ముప్పై దుబ్బులు.

తర్వాత రెండు నెలలు చెప్పుకోవడానికేం లేదు. నీళ్లు పెట్టడం, పచ్చగా ఉండటం, అంతే. ఒక్క గొడవ మాత్రం వచ్చింది, దోమలు. నీళ్లు నిలవుంచితే డెంగీ వస్తుందని కింది ఫ్లాటువాళ్లు అన్నారు. వాళ్ల భయంలో తప్పేం లేదు. నాన్ననడిగితే, "ఎప్పుడూ నిలవుండక్కర్లేదమ్మా, నాలుగు రోజులు పెట్టు, రెండు రోజులు ఆరనియ్యి, మట్టి నెర్రె తియ్యకుండా చూసుకో" అన్నాడు. ఆరుతడి అంటారు దాన్ని. వరి చెక్కు చెదరలేదు.

సెప్టెంబరు రెండో వారానికి వెన్నులు తీశాయి. వరి పువ్వు పూస్తుందని నాకే తెలియదు, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఆదివారం పది గంటలప్పుడు పెద్దది వెన్ను దగ్గర మొహం పెట్టి, "నోరు తెరిచింది" అంది. వెళ్లి చూద్దును కదా, చిన్నచిన్న గింజ పొట్టులు రెండుగా విచ్చుకుని, వాటిలోంచి దారపు ముక్కల్లాంటివి వేలాడుతున్నాయి. పన్నెండు గంటలకి మళ్లీ వెళ్తే అన్నీ మూసుకున్నాయి. ఒక్కో పువ్వు గంటో, కాస్త అటూ ఇటూనో తెరుచుకుంటుంది, అంతే. మళ్లీ తెరుచుకోదు. ఆ కాసేపట్లో వాన పడినా, పైనుంచి నీళ్లు కొట్టినా గింజ తాలైపోవచ్చని నాన్న చెప్పాడు. ఆ వారమంతా మా ఇద్దరు కాపలాదారులూ మేడ మీదికి ఎవరినీ చెంబుతో రానివ్వలేదు.

ఆ తర్వాత పాలు పోసుకున్నాయి. గింజ నొక్కితే తెల్లటి పాలు వస్తాయని చూపించడం నేను చేసిన పెద్ద తప్పు. చిన్నాడు మర్నాటికి ఒక దుబ్బులో గింజలన్నీ నొక్కేశాడు. "అన్నిట్లోనూ పాలే ఉన్నాయమ్మా" అని రిపోర్టు. ముప్పైలో ఒక దుబ్బు అలా పోయింది.

మిగతా నష్టం పావురాలది. నగరంలో పావురాలు ఎన్నున్నాయో తెలియాలంటే మేడ మీద వరి వేయాలి. గింజ గట్టిపడటం మొదలవగానే దిగాయి. దోమతెర కట్టాం. తెర కింద సందు చూసుకుని నడుచుకుంటూ వచ్చాయి, దర్జాగా, పెళ్లికొచ్చినట్టు. పెద్దది బడి నుంచి రాగానే బ్యాగు గుమ్మంలో పడేసి మేడెక్కేది. "అవి మన తిండి తినేస్తున్నాయి" అని ఏడుపు. అంతకు ముందు దానికి పావురమంటే ముద్దు. వాటికి కంచం పెట్టి మరీ బియ్యం వేసేది.

కోతకి అమ్మానాన్నా స్వయంగా వచ్చారు, దీపావళికి రెండు రోజుల ముందు, శనివారం. ఊళ్లో చేను వదిలి మూడు రోజులుండటం నాన్నకి గగనం. సంచిలో కక్కు కొడవలి, అమ్మ చేతిలో చేట. నాన్న మేడెక్కి డ్రమ్ముల చుట్టూ ఒకసారి తిరిగాడు. నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. పటుక్కుమంది. "కోసెయ్యొచ్చు" అన్నాడు. వారం ముందే నీళ్లు ఆపెయ్యమని ఆయనే చెప్పి ఉన్నాడు.

అప్పుడు చిన్నాడు డ్రమ్ముకి అడ్డంగా నిలబడ్డాడు. వద్దన్నాడు. రోజూ నీళ్లు పోసింది వాడు, మరి. నేనేదో సర్దిచెప్పబోయాను, మళ్లీ వేద్దాం, ఇలాగే చేస్తారు, అని. నాన్న నన్ను పక్కకి జరగమని, వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక దుబ్బు మొదలు విడదీసి చూపించాడు. కింది ఆకులన్నీ ఎండిపోయున్నాయి. "చూడు బాబూ, ఇది ముసలిదైపోయింది. దానికున్నదంతా పైకి పంపేసింది. ఇంక దీనికి నీళ్లు పోసినా తాగదు." చిన్నాడు ఎండాకుని పట్టుకుని కాసేపు చూసి, "తాతయ్యా, నువ్వు తాగుతావుగా?" అన్నాడు. నాన్న నవ్వేలోపే అమ్మ లేచి, వంట చూసుకోవాలని కిందికి వెళ్లిపోయింది.

కొడవలి పిల్లల చేతికివ్వలేదు. ఒక్కో దుబ్బు నాన్న కోస్తుంటే వాళ్లు అందుకుని పాత దుప్పటి మీద వరసగా పరిచారు. వాటిని పనలంటారని పెద్దది నోట్‌బుక్కులో రాసుకుంది. రెండు రోజులు ఎండాక నూర్పు. ఎడ్లూ లేవు, ట్రాక్టరూ లేదు కాబట్టి బోర్లించిన స్టూలుకేసి కొట్టాం. పిల్లలకి ఇంత ఇష్టమైన పని నాలుగు నెలల్లో ఇంకోటి లేదు. కొట్టమన్నారు, కొడితే మెచ్చుకున్నారు, ఇంకేం కావాలి. గింజలు టపటపా రాలి దుప్పటి దాటి, నీళ్ల ట్యాంకు కిందికి కూడా వెళ్లాయి. వాటిని ఏరుకొచ్చారు. అదే పరిగె అని చెప్పి, నా పుల్లైసు కథ చెప్పాను.

తూర్పారబట్టడం అమ్మ వంతు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, చేట భుజం ఎత్తుకి లేపి కొద్దికొద్దిగా జార్చింది. గట్టి గింజ నేరుగా కింద పడింది, తాలూ ధూళీ పక్కకి కొట్టుకుపోయాయి. పక్కకి అంటే సరిగ్గా ఎదురు ఫ్లాటువాళ్లు ఆరేసిన బట్టల మీదికి. ఆ సాయంత్రం మిఠాయి డబ్బాతో వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక కొలత. అమ్మ తన పాత సోల తెచ్చింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఆ మాటలు పిల్లలకి పాటలా ఎక్కేశాయి. నా తరం దాకా వచ్చి ఆగిపోయిన మాటలివి, నేనూ కిలోల్లోనే పెరిగాను. ధాన్యం పెద్దగా లేదు కనక సోల పక్కనపెట్టి అమ్మ గిద్దతో కొలిచింది. మొదటి గిద్ద పోస్తూ "లాభం" అంది. రెండోది పోస్తూ "రెండు". పెద్దది ఆపింది. "అమ్మమ్మా, ఒకటి మర్చిపోయావు."

మర్చిపోలేదు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు కూడా అనరు, ఏడుపు మాట కదా, ఆరున్నొకటి అంటారు. ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో మెట్లూ, ఇడ్లీలూ, లిఫ్టులో అంతస్తులూ అన్నీ లాభంతోనే మొదలయ్యాయి. బళ్లో లెక్కల పరీక్షలో కూడా అలాగే రాస్తుందేమోనని నాకు బెంగ.

తక్కెడలో పెడితే 410 గ్రాములు.

పెద్దదానికి అనుమానమొచ్చింది. "తాతయ్యా, దీన్ని అమ్మితే ఎంతొస్తుంది?" ఆ ఏడాది సాధారణ రకానికి ప్రభుత్వ మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. నాన్న లెక్క కట్టలేదు, నేను ఫోన్లో కట్టాను. తొమ్మిది రూపాయల డెబ్బై ఒక్క పైసలు. "నాలుగు నెలలకా?" అంది. "మరి లాభం అన్నారుగా?" నాన్న ఏమీ అనలేదు. చేట పక్కన పెట్టి, చేతికంటిన నూగు దులుపుకున్నాడు. ఈ పని మొదలెట్టినప్పుడు పిల్లలకి విత్తనం, మొలక, పువ్వు, గింజ చూపించాలనే అనుకున్నాను. ఈ లెక్క నా పాఠంలో లేదు.

కానీ నాన్న సాయంత్రం తన లెక్క తను చెప్పాడు. మన డ్రమ్ములు గజం చిల్లర. ఎకరానికి 4,840 గజాలు. మనకి రెండెకరాలు. 75 కిలోల బస్తాలు ఎకరానికి ముప్పై దాకా అవుతాయి, అన్నీ కలిసొస్తే. పెద్దదానికి 4,840 అంటే ఎంతో చూపించడానికి అపార్ట్‌మెంటు మేడంతా కొలిచాం. మేడ ఎకరంలో పదో వంతు కూడా లేదని తేలింది. "అంత చేలో పావురాలని ఎవరు తోలతారు?" అన్నది దాని తర్వాతి ప్రశ్న.

దంచడం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అది నా అవమానం. అమ్మ నిద్రపోతుండగా తెలివితేటలకి పోయి గుప్పెడు ధాన్యం మిక్సీలో వేశాను. నూకలూ ఊకా కలిసిన పిండి వచ్చింది. అమ్మ లేచి చూసి ఒక్క మాట కూడా అనలేదు, అదింకా బాధ. తర్వాత చిన్న రోట్లో కాస్తకాస్త వేసి, దంచి, చెరిగి, మళ్లీ దంచి, రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఊక ఒక కుప్ప, చిట్టూ తవుడూ ఒక చిన్న గిన్నెలో, బియ్యం ఇంకో గిన్నెలో. పావు కిలోకి కాస్త పైన. గోధుమరంగులో ఉన్న ఆ బియ్యం చూసి "ఇవి బియ్యం కావు" అన్నాడు చిన్నాడు. ఒక గుప్పెడు ధాన్యం దంచకముందే విత్తనానికని దాచాడు వాడు, ఎవరూ చెప్పకుండానే, తన క్రేయాన్ల డబ్బాలో.

కొత్త బియ్యంతో పరమాన్నమే చెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. నీళ్లు తక్కువే పోసినా మెత్తగా ముద్దయింది, కొత్తబియ్యం అంతే. నలుగురు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు, తలో నాలుగు చెంచాలు. పెద్దది తన గిన్నె వేలితో నాకేసింది. మామూలుగా దానికి పరమాన్నం పడదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు నాన్న ఫోన్ చేసి "చేను పడిపోయిందమ్మా" అన్నాడు, మామూలుగా. మా చిన్నప్పుడూ ఇలాగే అనేవాడు, నేను విని పుస్తకంలోకి తలదూర్చేదాన్ని. ఈసారి పెద్దది ఫోన్ లాక్కుంది. "పాలు పోసుకున్నాయా తాతయ్యా అప్పటికే? గింజ గట్టిపడిందా?" అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత దానికి వివరంగా చెప్పాడు. ఎంతమేర ఒరిగింది, నీళ్లెలా తీస్తున్నారు, నీళ్లలో నానితే వెన్ను మీదే గింజ మొలకెత్తిపోతుంది కాబట్టి నాలుగేసి దుబ్బులు కలిపి ఎలా నిలబెట్టి కడుతున్నారు. అలా ఇరవై నిమిషాలు. నాతో అన్నేళ్లలో చేను గురించి అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు. నేను అడిగిందీ లేదనుకోండి.

నవంబరు ఆఖర్న కోతలు చూపించడానికి ఊరు తీసుకెళ్లాను. పిల్లలు కొడవలి, పనలు, కుప్ప, అన్నీ ఊహించుకుని వచ్చారు. వచ్చింది మిషను. నేల ఇంకా తడిగా ఉండటంతో చైన్లున్న మిషను పెట్టాల్సి వచ్చింది, దానికి అద్దె ఎక్కువ. ముందు నలుగురు మనుషులు మూలలు కోసి, మిషను తిరగడానికి చోటు చేశారు. తర్వాత అది ఒకవైపు చేను మింగి ఇంకోవైపు గడ్డి ఊస్తూ పోయింది. పడిపోయిన చోట నెమ్మదిగా నడిచినా, మధ్యాహ్నం భోజనాలకల్లా రెండెకరాలూ అయిపోయాయి. కుప్ప లేదు, కళ్లం లేదు. గడ్డిమేటు మీంచి జారుడుబండ ఆడతారని ఊరించి తీసుకొచ్చాను, ఆ గడ్డి ముక్కలుముక్కలై చేలోనే ఉండిపోయింది. "మనమే బాగా చేశాం" అన్నాడు చిన్నాడు గట్టు మీద నిలబడి. నాన్న ఒప్పుకున్నాడు. కూలీలు దొరక్క, దొరికినా గిట్టక మిషనుకి పోతున్న సంగతి వాడికి చెప్పలేదు.

మూలల్లో మాత్రం పరిగె మిగిలింది. ఇద్దరూ ఏరారు, నేనూ ఏరాను. నలభై రెండేళ్ల వయసులో, చీర కుచ్చిళ్లు దోపుకుని. సంచిలో సగం అయింది. నా కథ గుర్తు పెట్టుకుని పెద్దది దాన్ని కిళ్లీకొట్టుకి పట్టుకెళ్లి ఐస్‌క్రీమ్ అడిగింది. కొట్టాయన పడిపడి నవ్వి, గోడకి అంటించిన ఫోన్‌పే స్టిక్కరు చూపించాడు.

ఆ వెన్నులు దులపకుండా అమ్మ కుచ్చు అల్లింది. కాడలు తడిపి, మూడేసి కలిపి జడలా తిప్పుతూ, చివర్లో గింజలన్నీ కిందికి వేలాడేలా. పిచ్చుకల కోసం మా ఇంటి వసారాలో ఏటా కట్టేవాళ్లు. దాన్ని హైదరాబాదు తెచ్చి బాల్కనీలో కట్టాం. పిచ్చుకలొస్తాయని పెద్దది కిటికీ వెనక నక్కి కూర్చుంది. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు పొద్దున్న వంటింట్లో ఉన్నాను, దాని గొంతు వినపడింది, కోపంగా ఉండాలని ప్రయత్నిస్తున్న గొంతు.

"అమ్మా, పావురాలే వచ్చాయి. లాభం, రెండు, మూడు, నాలుగు..."